పదిహేడో పేజీ

నాకు నోరెక్కువ. మా ఆఫీసులో ఈ సంగతి వాచ్‌మన్ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ తెలుసు. అందుకే సాఫ్ట్‌వేర్ పనివాళ్ళ సంఘం ప్రతి ఆఫీసులోనూ ఒక ప్రతినిధిని ఎన్నుకోమన్నప్పుడు మా వాళ్ళంతా తలలు తిప్పి నా వైపే చూశారు. ఇంకెవరూ పోటీకి దిగలేదు. ఆ రోజు నుంచి నాకు లాయరమ్మ అని పేరు పడిపోయింది. నేను ఏ లా కాలేజీ గడపా తొక్కలేదు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఎదుటివాళ్ళ తప్పులు ఎత్తి చూపి జీతం తీసుకోవడం కన్నా నాలాంటి మనిషికి హాయైన పని ఇంకేముంటుంది?

మా కంపెనీ ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాస్తుంది. పిల్లల వార్డులో నర్సు పిల్లవాడి బరువు, మందు పేరు కొడితే, సెలైన్‌తో పాటు ఎంత మందు ఎక్కించాలో యంత్రమే లెక్క కట్టి చెబుతుంది. ఆ లెక్క మాది. అలాంటి లెక్కలు రాసేవాళ్ళకీ డాక్టర్లకున్నట్టు ఒక రిజిస్ట్రేషన్, ఒక పద్ధతి ఉండాలని మా సంఘం చాలా ఏళ్ళు పోరాడి సాధించింది. అందులో ఒక నిబంధన మాత్రం నా సొంత ఘనకార్యం. మనిషి ఒంటిదాకా వెళ్ళే ప్రోగ్రాములో ఒకరు ఏ మార్పు చేసినా, సంఘంలో రిజిస్టరైన రెండో మనిషి దాన్ని పూర్తిగా చదివి, నడిపి చూసి, ‘చూశాను’ అనే బటన్ నొక్కాలి. అది నొక్కితే తప్ప మార్పు బయటికి పోదు. దీనికోసం రెండేళ్ళు మీటింగుల్లో గొంతు చించుకున్నాను. ‘ఇద్దరు చూడనిదే ఏదీ గడప దాటదు’ అని లిఫ్టు పక్కన బోర్డు కూడా పెట్టించాను. మొహమాటాలూ పగలూ రాకుండా రెండోవారి పేరు మొదటివారికి కనపడకూడదని పట్టుబట్టిందీ నేనే.

ఇక మాస్టారి సంగతి. ఆయనకిప్పుడు యాభై నాలుగేళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. స్కూలు మూతపడితే, నలభై ఏళ్ళు దాటాక, తన దగ్గర చదివిన పిల్లల వయసు వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఇప్పటికీ కోడ్ రాసేముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో లెక్క చేసుకుంటారు. మా కుర్రకారు ఆయన వెనక నవ్వుకుంటారు గానీ, ఎక్కడైనా చిక్కు పడితే ముందు పరిగెత్తేది ఆయన దగ్గరికే.

రెండు నెలల కింద ఒక ఆసుపత్రిలో తూకం మిషను పాడైంది. నర్సు బరువు గడి ఖాళీగా వదిలేసి మిగతావి కొట్టింది. యంత్రం ఆగి బరువు అడగాలి. అడగలేదు. అంతకుముందు మంచం మీదున్న ఐదేళ్ళ పిల్లవాడి బరువు, పదహారు కిలోలు, తీసుకుని లెక్క కట్టేసింది. కొత్తగా వచ్చింది మూడు నెలల పాప. ఐదు కిలోలు. ఇరవై నిమిషాల తర్వాత వేరే నర్సు వచ్చి చూసి, గొట్టం పీకేసింది కాబట్టి సరిపోయింది. పాప నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బయటపడింది.

ఆ మార్పు రాసింది మాస్టారు. ప్రతి ఖాళీ గడి దగ్గరా యంత్రం ఆగిపోతోందని ఆసుపత్రులు విసుక్కుంటే, ఆగకుండా చేయమని కంపెనీయే ఆయనకు అప్పగించింది. తీరా ఇలా జరిగాక కంపెనీ చేతులు దులుపుకుని, తప్పంతా ఆయన నెత్తిన రుద్ది, సంఘానికి పదహారు పేజీల ఫిర్యాదు పంపింది. విచారణలో తప్పు రుజువైతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రద్దయితే ఆయన్ను ఎవరూ పనిలో పెట్టుకోరు.

ప్రతినిధిని కాబట్టి ఆయన తరఫున మాట్లాడాల్సింది నేనే. మొదటిరోజు క్యాంటీన్‌లో మూలబల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన టీ ముట్టుకోలేదు.

“నాకు అనుమానం వచ్చిందమ్మా,” అన్నారు. “బరువు గడి సంగతి చూడమని రెండోవాళ్ళకి రాసిపెట్టాను. వాళ్ళు చూశాననే నొక్కారు. చూసినవాళ్ళు సరేనన్నాక ఇంక నాకు అనుమానం ఎందుకు అనుకున్నాను.”

“రాశారా? మరి కంపెనీ కాగితాల్లో ఆ ముక్కే లేదే!”

“అది రెండోవాళ్ళ పేజీలో ఉంటుందమ్మా. ఆ పేజీ దొరికితే చాలు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి. మొత్తం రికార్డు అడిగే హక్కు నాకుంది, తెప్పిస్తాను. ఆ చూడకుండా నొక్కిన మహానుభావుడు ఎవడో నా చేతికి చిక్కనివ్వండి, ఉతికి ఆరేస్తాను,” అన్నాను. పక్క బల్లల వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

రికార్డు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. గురువారం పొద్దున్న పదింటికి విచారణ. చిన్న మీటింగు గది తలుపు వేసుకుని ప్రింటు తీశాను. పదహారు పేజీల వరకూ కంపెనీ ఫిర్యాదుతో పంపినవే. పదిహేడో పేజీ పైన మాస్టారి రాత ఉంది, ఆయన చెప్పినట్టే. సంతోషంతో బల్ల మీద ఒక్క చరుపు చరిచాను. కింద ఇలా ఉంది: తెరిచిన సమయం నాలుగు గంటల పన్నెండు నిమిషాల ఐదు సెకన్లు. ‘చూశాను’ నొక్కిన సమయం నాలుగు గంటల పన్నెండు నిమిషాల పదహారు సెకన్లు. పదకొండు సెకన్లు! వీడెవడో మనిషి కాదు అనుకుంటూ పక్కనున్న రిజిస్ట్రేషన్ నంబరు చూశాను.

రెండు మూడు ఒకటి ఎనిమిది.

మెళ్ళో వేలాడుతున్న కార్డు తిప్పి చూసుకున్నాను. చూడక్కర్లేదు, ఆ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా అంకె పక్కన అంకె పెట్టి చూసుకున్నాను. తలుపు గడియ పడిందో లేదో లేచి చూసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను.

ఆ రోజు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. శుక్రవారం. ఐదింటికల్లా కొత్త వెర్షన్ ఆసుపత్రులకు వెళ్ళిపోవాలని మేనేజరు నెత్తి మీద కూర్చున్నాడు. నా వరుసలో ముప్పై ఏడు మార్పులు ఉన్నాయి. మొదటి పది చదివాను. ప్రమాణం చేసి చెప్పగలను, పదీ చదివాను. తర్వాత పైపైన చూశాను. ఆ తర్వాత బటన్ నొక్కడం ఒక్కటే చేశాను. అందరూ మంచి పనివాళ్ళేగా, అందులో కొంపలు మునిగేది ఏముంటుందిలే అనుకున్నాను. మాస్టారి మార్పును ఏ చేత్తో నొక్కానో, అప్పుడు ఎవరితో ఏం మాట్లాడుతున్నానో కూడా గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అలాంటివి ఇంకెన్ని నొక్కి ఉంటాను?

తలుపు మీద ఎవరో వేలితో కొట్టారు. పేజీని ఫైలు కిందకి తోసేసి తలుపు తీశాను.

మేనేజరు. ఎప్పుడూ నవ్వుమొహమే. నాకు ఆ నవ్వు చూస్తేనే చిరాకు.

“రికార్డు అందిందా మేడమ్?”

“అందింది.”

“మొత్తం చూశారా?”

“చూస్తున్నాను.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఏది ఇవ్వాలో, ఏది అక్కర్లేదో ప్రతినిధిగా మీ ఇష్టం. మేం ఏమీ అనం. కానీ ఆ పదహారు పేజీలతో సరిపోతుందని నా ఉద్దేశం. ఆ శుక్రవారం ఒక్క గంటలో ఎన్ని మార్పులు పోయాయి, ఎవరు నొక్కారు... అవన్నీ తవ్వుకుంటే మీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది. మాస్టారు ఎలాగూ పెద్దాయన. ఇంకెన్నేళ్ళు చేస్తారు చెప్పండి? మీకు ఇంకా బోలెడు సర్వీసు ఉంది.”

ఇతనికి తెలుసు. ముందే తెలుసు. నేను ప్రతినిధినని తెలిసే, నిశ్చింతగా ఆ పెద్దాయన మీద ఫిర్యాదు పంపించాడు. ఇంకో రోజైతే అతన్ని ఆ గదిలోనే కడిగి పారేసి ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం “చూద్దాం,” అన్నాను. అంతే. నంగినంగిగా వచ్చిన ఆ మాట నాదేనా అనిపించింది.

అతను లేచి, తలుపు దగ్గర ఆగి, “టీ పంపించనా మేడమ్?” అన్నాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా భయమేసింది.

ఇంట్లో ఉండేది నేనూ అక్కా. అక్క ఇంకో ఆసుపత్రిలో నర్సు, ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి వంటగదిలో స్టూలు మీద కూర్చుని, ఉబ్బిన పాదాలు బకెట్టులో వేడినీళ్ళలో పెట్టుకుని ఉంది. నా మొహం చూడగానే, “ఏమే, ఎవరితో పోట్లాడొచ్చావ్?” అంది.

“ఎవరితోనూ లేదు.”

“అయితే ఒంట్లో బాగాలేదన్నమాట.”

నేను నవ్వలేదు. ఎదురుగా గట్టు మీద కూర్చుని, ఎటో చూస్తున్నట్టు అడిగాను. “అక్కా, మీరు మందు ఎక్కించేముందు ఇద్దరు చూస్తారు కదా. ఎలా చూస్తారు?”

“ఎలా చూట్టమేంటి? ఒకళ్ళు పైకి చదువుతాం. గట్టిగా. మందు పేరు, ఎంత, ఎవరికి. రెండో ఆవిడ సీసా చూసి మళ్ళీ పైకి చదువుతుంది. ఆ తర్వాతే సంతకం.”

“రోజుకి ఎన్నిసార్లు?”

“యాభై. అరవై. నోరు పడిపోతుందనుకో.”

“మధ్యలో ఎప్పుడైనా... చదవకుండా సంతకం పెట్టేశారా? పని ఎక్కువున్న రోజు?”

అక్క తుండుతో కాళ్ళు తుడుచుకోవడం ఆపింది. “చేరిన కొత్తల్లో ఒకసారి పెట్టాను. మా పెద్ద నర్సమ్మ చూసింది. తిట్టలేదు. ఆ సీసా నా చేతిలో పెట్టి, ఆ మంచం దగ్గరికి తీసికెళ్ళి, ఆ మనిషి మొహం చూస్తూ చదవమంది. చదివాను. అదృష్టం బాగుండి మందు సరైందే. కానీ ఆ మొహం చూస్తూ చదివేసరికి నా గొంతు ఎండిపోయింది.” ఆగి, నన్ను ఎగాదిగా చూసింది. “ఎందుకడుగుతున్నావే?”

“ఊరికే. రేపటి విచారణకి పనికొస్తుందని.”

“ఆ పెద్దాయన కేసా? పాపం. ఆ రెండో మనిషి దొరికాడా మరి?”

“లేదు,” అన్నాను.

నా జీవితంలో అక్కతో ఆడిన పెద్ద అబద్ధం అదే. తను ఇంకేమీ అడగలేదు, బకెట్టులో నీళ్ళు పారబోయడానికి వెళ్ళింది. నేను గదిలోకి వెళ్ళి పదిహేడో పేజీని నాలుగు మడతలు పెట్టి, హ్యాండుబ్యాగు అడుగున, జిప్పు ఉన్న అరలో దాచాను. చింపేద్దామనే అనుకున్నాను. చేతులు రాలేదు. దాచడానికి మాత్రం ఆ చేతులకే ఏ అడ్డూ రాలేదు.

మంచం మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఆ కాగితం ఇస్తే మాస్టారు బయటపడతారు. నా రిజిస్ట్రేషన్ పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఇంకే పనీ చేతకాని దాన్ని. లిఫ్టు పక్కన నేను పెట్టించిన బోర్డు ముందు నుంచే నా సామాను అట్టపెట్టెలో పెట్టుకుని పోవాలి. ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. మేనేజరుకి తప్ప. ఇక బతికినన్నాళ్ళూ అతను ఏది సరేనంటే దానికి నేనూ సరేననాలి. నంబరు మీద నల్లసిరా పూసి ఇస్తే? ఎందుకు పూశావంటారు. నంబరు ఉన్నంత మేర కత్తిరించి ఇస్తే? అదీ అడుగుతారు. ఇలా తప్పు దాచే దారులు ఒక్కొక్కటే వెతుకుతుంటే, నాలో ఉన్న, తప్పులు వెతికే మనిషే ప్రతి దారిలోనూ ఒక లొసుగు పట్టుకుని చూపిస్తోంది. జీవితంలో మొదటిసారి నా పనితనం మీద నాకు అసహ్యం వేసింది.

పొద్దున్న బయల్దేరాను. సంఘం ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో. మెట్లెక్కితే పొడవాటి వరండా, అందులో ఒకే చెక్క బెంచీ. ఆ బెంచీ మీద భుజాన బిడ్డను వేసుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. చెప్పులు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది. బిడ్డ చేతికి సూదులు గుచ్చిన చోట ఇంకా చిన్న మచ్చలున్నాయి.

ఎవరో తెలిసిపోయింది. వెనక్కి తిరిగి మెట్లు దిగి పారిపోదామా అనుకునేలోపే ఆ అమ్మాయి జరిగి చోటిచ్చింది.

“కూచోండి. మీరు కూడా విచారణకేనా?”

“ఊఁ.”

“మీరు కంప్యూటరు వాళ్ళా?”

“ఆ... అవునమ్మా.”

“నన్ను తర్వాత పిలుస్తామన్నారు. ఏమేం జరిగిందో చెప్పాలంట.” బిడ్డ వీపు నిమిరింది. “నాకు వాళ్ళ మీద కోపమేం లేదండీ. అసలెలా జరిగిందో ఎవరన్నా చెబితే చాలు. ఇప్పుడు ఏ మందు పట్టాలన్నా భయమే. దగ్గు మందు సీసా కూడా పదిసార్లు చదువుతున్నాను.”

పాప నా మెళ్ళో వేలాడుతున్న కార్డు తాడు చూసి చెయ్యి చాపింది. అందుకుంది. గట్టిగా పట్టి లాగి, కార్డు అంచు నోట్లో పెట్టుకోబోయింది. నంబరున్న వైపు. తల్లి నవ్వుతూ, “వదలవే, ఆవిడది,” అంటూ ఒక్కొక్క వేలూ విప్పింది.

అప్పుడే మాస్టారు మెట్లెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిలు. తల్లినీ పాపనూ చూసి ఆగిపోయి, ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ జోడించారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నన్ను పక్కకు పిలిచి, చిన్నగొంతుతో అడిగారు.

“దొరికిందామ్మా ఆ పేజీ?”

“లేదు మాస్టారూ. రికార్డులో... ఆ పేజీ రాలేదు.”

“రాలేదా?” అన్నారు. నన్ను అనుమానించలేదు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. “అయితే ఏం చేస్తాంలే,” అని జేబులో పెన్సిలు సర్దుకున్నారు.

లోపల పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు. ఒకప్పుడు రైళ్ళ సిగ్నళ్ళకు ప్రోగ్రాములు రాసినావిడ, డెబ్బై దాటి ఉంటాయి. చెవికి మిషను పెట్టుకుంది. మేనేజరు ఎడమవైపు కుర్చీలో, అదే నవ్వుతో. మా విచారణల్లో ఒక ఆచారం ఉంది. మాట్లాడే ప్రతివాళ్ళూ ముందు తమ నంబరు చెప్పాలి, రికార్డు కోసం. మాస్టారు లేచి తనది చెప్పారు. నేను లేచాను.

“రెండు మూడు ఒకటి ఎనిమిది,” అన్నాను.

“వినపడలేదమ్మా. గట్టిగా.”

మళ్ళీ చెప్పాను. ఆవిడ రాసుకుంది.

ఫిర్యాదు చదివారు. పదహారు పేజీలూ అయ్యాయి. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి మాస్టారి వైపు చూసింది. “మీరు అనుభవం ఉన్న మనిషి. బరువు గడి ఖాళీగా ఉంటే ప్రమాదమని మీకు తోచలేదా? ఎవరికైనా చెప్పారా?”

మాస్టారు నిలబడ్డారు. “తోచిందండీ. రాసిపెట్టాననే నా జ్ఞాపకం.”

“ఆ రాత ఎక్కడుంది?”

మేనేజరు కాగితాలు సర్దుకోవడం వినపడింది. “ఇరవై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పానండీ,” అన్నారు చివరికి. “రుజువు లేని జవాబుకి నేను ఏనాడూ మార్కులు వెయ్యలేదు. నా దగ్గర కాగితం లేదు. కాబట్టి రాయలేదనే రాసుకోండి.”

ఆయన కూర్చున్నారు. అధ్యక్షురాలు కలం తీసింది.

ధైర్యం తెచ్చుకున్నానని చెప్పుకోను. అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు. కానీ ఆవిడ కలం కాగితాన్ని తాకేలోపు నా చెయ్యి హ్యాండుబ్యాగు జిప్పు లాగేసింది. మడతలు విప్పాను. మేనేజరు నవ్వు మాయమైంది.

“పదిహేడో పేజీ ఉందండీ. చదువుతాను,” అన్నాను.

“గట్టిగా చదవమ్మా,” అంది ఆవిడ.

గట్టిగానే చదివాను. “రెండోవారికి నమస్కారం. గడులు ఖాళీగా ఉన్నా ప్రోగ్రాం ఆగకుండా మార్చమన్నారు, మార్చాను. కానీ బరువు గడి విషయంలో నాకు అనుమానంగా ఉంది. అది ఖాళీగా వదిలేస్తే, అంతకుముందు బిడ్డ బరువు అందులోకి వచ్చేస్తుందేమో. పరీక్షించడానికి వార్డు యంత్రం నా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. దయచేసి ఒక్కసారి నడిపి చూడండి. మీరు సరేనంటేనే ముందుకు పోనిద్దాం.”

పక్కనుంచి మాస్టారు, “దొరికిందన్నమాట!” అన్నారు. ఆ గొంతులో ఎంత సంతోషమో! పరీక్ష పాసైన పిల్లవాడిలా నా వైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు నా మీద పడి ఉండగానే కింద లైను చదవాల్సి వచ్చింది.

“చూశాను. తెరిచిన తర్వాత పదకొండు సెకన్లకి. నంబరు...” అక్క చెప్పిన మాట గుర్తొచ్చింది. తలెత్తి, మాస్టారి మొహం చూస్తూ చదివాను. “రెండు మూడు ఒకటి ఎనిమిది.”

ఈసారి మళ్ళీ చెప్పమని ఎవరూ అడగలేదు. అధ్యక్షురాలు తను మొదట రాసుకున్న కాగితం వెతికి, వేలు పెట్టి చూసుకుంది. మాస్టారి నవ్వు ఒక్కసారిగా పోలేదు. నెమ్మదిగా, అర్థమవుతున్న కొద్దీ, ఒక వైపు నుంచి పోయింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు.

“ఈ కాగితం మీకు ఎప్పుడు అందింది?” అంది అధ్యక్షురాలు.

“నిన్న మధ్యాహ్నం. ఇందాకటి దాకా దాచాను. మాస్టారితో కూడా రాలేదనే చెప్పాను.” ఆ శుక్రవారం సంగతి, ముప్పై ఏడు మార్పుల సంగతి, నిన్న మేనేజరు మీటింగు గదికి వచ్చి అన్న మాటల సంగతి కూడా చెప్పాను. అవన్నీ నిజమే. కానీ చెబుతుంటే అవి నన్ను కాపాడతాయని నాకే అనిపించలేదు. పదకొండు సెకన్లు నావి.

ఆవిడ అంతా రాసుకుంది. తిట్టలేదు. “ఆయన తరఫున మీరింక మాట్లాడటానికి వీల్లేదు. వేరే ప్రతినిధిని పిలిపిస్తాం. మీ సంగతి విడిగా వింటాం. పిలిచేదాకా బయట కూర్చోండి,” అంది.

బయట ఉన్నది ఒకటే బెంచీ.

దాని మీదే, ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాను. పాప నిద్రపోలేదు. నన్ను గుర్తుపట్టి బోసినోటితో నవ్వి, మళ్ళీ నా కార్డు తాడు కోసం చెయ్యి చాపింది.

“అయిపోయిందా అండీ?” అంది ఆ అమ్మాయి ఆత్రంగా. “ఎలా జరిగిందో తెలిసిందా? ఎవరిదంట తప్పు?”

నాకు నోరెక్కువ అన్నానుగా. ఆ నోరు తెరవడానికి ఎంత సేపు పట్టిందో.

“తెలిసిందమ్మా,” అన్నాను. “చదవాల్సింది ఒకటి ఉంది. చదవకుండానే చూశానని చెప్పారు. చెప్పింది నేనే.”

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. పాప వేళ్ళు అప్పటికే నా తాడును చుట్టేశాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పి, పాపను ఈ భుజం మీంచి తీసి, నాకు దూరంగా ఉన్న ఆ భుజం మీద వేసుకుంది.